మొదటి ఎర్రర్

“రెండువందల పన్నెండు ఎర్రర్లా! పొద్దున పన్నెండే కదా ఉన్నాయి?” లీడ్ మేడమ్ గొంతు అద్దాల గది దాటి క్యాంటీన్ దాకా వినిపించింది.

పక్క కుర్చీలో ఉన్నాయన కళ్లజోడు సర్దుకున్నాడు. మాట సగంలో ఆపి, గుటక మింగి, మళ్లీ అందుకోవడం ఆయన అలవాటు. అందుకే ఆఫీసంతా ఆయన్ని సెమికోలన్ అంటుంది.

“అంటే మేడమ్... మొదటి ఎర్రర్ ఒక్కటే అసలుది. మిగతావి దాని చుట్టాలు.”

“చుట్టాల సంగతి తర్వాత. నాలుగింటికి లిఫ్టు కంపెనీ వాళ్లు వస్తారు. లిఫ్టు అంతస్తుల మధ్య ఎందుకు ఆగిపోతోందో అప్పటికి చెప్పాలి. చెప్పలేకపోతే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?”

లిఫ్టును నడిపే ప్రోగ్రాం సి భాషలో ఉంది. నడుస్తూ నడుస్తూ అది ఎక్కడ ఆగుతోందో తెలియాలంటే ప్రతి ఫంక్షన్ మొదట్లోనూ చివర్లోనూ ఒక ట్రేసింగ్ మాక్రో పెట్టాలి. ‘లోపలికి వెళ్లాను, బయటికి వచ్చాను’ అని ప్రోగ్రాం తన నడక తానే తెర మీద చెప్పుకుంటూ పోతుంది. మేడమ్ పొద్దుటి నుంచీ కూర్చుని తొంభై ఫంక్షన్లలో ఆ మాక్రోలు పెట్టింది. ప్రోగ్రాంలో తప్పులు పట్టే కంపైలర్ ఒక్కదాన్నీ ఒప్పుకోలేదు.

“ఇదంతా ఆ ముసలాయన చలవే. పోతూ పోతూ ఏం కెలికి పోయాడో!” అంది.

ముసలాయన అంటే బ్రేకుల కోడ్ రాసినాయన. నలుగురు మనుషులు లిఫ్టులో ఇరుక్కుపోయినప్పుడు, తప్పు బ్రేకుల కోడ్‌దేనని మేడమే రిపోర్టు రాసింది. ఆయన్ని పంపించేసి మూడు నెలలైంది. లిఫ్టు మాత్రం నిన్న మళ్లీ ఆగింది.

“సరే, ఆ మొదటిదేదో చదవండి,” అంది విసుగ్గా.

“ఈ పేరుతో మాక్రో... ఇదివరకే ఉందట.”

“ఎలా ఉంటుంది? ఆ పేరు నేను ఇవాళ పొద్దున పెట్టాను!”

“ట్రేస్ అన్న పేరు మేడమ్... ఎవరికైనా తడుతుంది.”

సెమికోలన్ ఫైళ్లన్నీ వెతికాడు. ఒక పాత ఫైల్లో దొరికింది. అచ్చం అలాంటి మాక్రోనే. పైన ముసలాయన పొడి అక్షరాలు, తేదీ. నలుగురు ఇరుక్కున్న రోజుకు మర్నాడు అది. పని అయ్యాక సున్నా పెట్టి ఆపేసి ఉంచాడు.

“ఆయన అన్ని ఫంక్షన్లకూ ఈ ఒక్క ఫైల్లోంచే తగిలించాడు మేడమ్, అందుకే మన కంటపడలేదు. సున్నా తీసి ఒకటి పెడితే... పనిచేస్తుంది.”

“పెట్టండి. ఆయన బండారం ఆయన మాక్రోలే బయటపెడతాయి.”

మేడమ్ తన మాక్రోలన్నీ తీసేసింది. సున్నా ఒకటయింది. ఒక్క ఎర్రర్ లేకుండా కంపైల్ అయిపోయింది. పొద్దుటి నుంచి పడ్డ పాట్లు తలుచుకుని ఆమెకు ఒళ్లు మండింది.

టెస్టింగ్ కోసం బల్ల మీద లిఫ్టు బటన్ల ప్యానెల్ పెట్టుకున్నారు. సెమికోలన్ ఐదు నొక్కి, లిఫ్టు దారిలో ఉండగానే మూడూ నాలుగూ ఒకేసారి నొక్కాడు. తెర మీద వరసలు పరుగెత్తాయి. ప్రోగ్రాం బ్రేకుల ఫంక్షన్లోకి వెళ్లింది, బయటికొచ్చింది. తలుపు సరిగ్గా పడిందో లేదో చూసే ఫంక్షన్లోకి వెళ్లింది. ఇక రాలేదు.

మళ్లీ నొక్కాడు. మళ్లీ అక్కడే ఆగింది.

ఆ తలుపు ఫంక్షన్ ఎవరు రాశారో ఇద్దరికీ తెలుసు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక ఇద్దరూ తెర వైపే చూస్తూ కూర్చున్నారు. మేడమ్‌కు తల కొట్టేసినట్టయింది.

“చూసింది మనిద్దరమే మేడమ్,” సెమికోలన్ మెల్లగా అన్నాడు. “తలుపు ఫంక్షన్ సరిచేసి, ఈ మాక్రోలు తీసేస్తే...”

ఈసారి ఆయన మాట మళ్లీ అందుకోలేదు. ఆమె వేలు నిజంగానే కీబోర్డు మీదికి పోయింది. ఒక్క క్షణమే. ఆ ఒక్క క్షణానికే తన మీద తనకు అసహ్యం వేసింది.

“వద్దు. అలాగే ఉంచండి. తప్పు నాదేనని నాలుగింటికి నేనే చెప్తాను.” ఫోన్ తీసుకుని మెట్ల దగ్గరికి నడిచింది.

నడుస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఈ ట్రేస్ ఆయన చూసే ఉంటాడు. చూసి ఎందుకు నోరు మెదపలేదు? దాచిపెట్టాడంటే పాపంలో సగం ఆయనదే. మిగతా సగం ఎలాగో మోయొచ్చు. అలా అనుకున్నందుకు మళ్లీ సిగ్గేసింది. అయినా అనుకోకుండా ఉండలేకపోయింది.

మూడో రింగుకు ఆయన ఎత్తాడు.

“సార్, నేను.” ఇన్నేళ్లలో ఆయన్ని సార్ అనడం ఇదే మొదలు.

“చెప్పండమ్మా. అంతా కులాసానా?”

“లిఫ్టు ఆగింది మీ బ్రేకుల వల్ల కాదు సార్. నా తలుపు ఫంక్షన్ వల్ల. ఇవాళే తెలిసింది. నన్ను క్షమించండి.”

“ఇవాళ తెలిసిందా?” అన్నాడు.

“అవును సార్. కానీ మీకు అప్పుడే తెలుసు కదా! ఒక్క మాట నాతో అని ఉంటే ఆ రిపోర్టు రాసేదాన్నా?”

“ట్రేస్ తీసిన రోజే మొత్తం మీకు మెసేజ్ పెట్టానమ్మా. రెండు నిమిషాలు తిరక్కుండానే మీరు బొటనవేలి బొమ్మ కొట్టారు. అంతా తెలిసే నన్ను పంపించారనుకున్నాను, ఇన్నాళ్లూ.”