బుజ్జికి పాఠాలు

“ట్యాబు బల్ల మీద పెట్టి వెళ్లు,” అంది కంప్యూటర్ టీచర్.

పంతులమ్మ పెట్టలేదు. రెండు చేతులతో దాన్ని గుండెలకి హత్తుకుని అక్కడే నిలబడింది. పంతులమ్మంటే నిజం పంతులమ్మ కాదు, తొమ్మిదో తరగతి పిల్ల. ఎప్పుడు చూసినా ఎవరికో పాఠం చెబుతున్నట్టు తనలో తను గొణుక్కుంటుందని క్లాసులో వాళ్లు పెట్టిన పేరు అది.

ఆ బడిలో ట్యాబులు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఇంటికి తీసుకెళ్లి బుద్ధిగా చదువుకునేవాళ్లకే ఇస్తారు. చదవనివాళ్ల దగ్గర లాక్కుని ఇంకొకరికి ఇస్తారు. ఎవరు ఏం చదివారో టీచర్ కంప్యూటర్లో అంతా కనపడుతూనే ఉంటుంది.

ట్యాబులో పిల్లలందరూ పోటీపడి తయారుచేసుకునేవి కార్డులు. పైన ప్రశ్న, తాకితే వెనక జవాబు. సరిగ్గా చెబితే ఆ కార్డు మళ్లీ ఏ వారానికో గానీ రాదు. తప్పు చెబితే మర్నాడే వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. పరీక్షలు దగ్గరపడితే పిల్లలకి అవే లోకం.

“నీ కార్డులు చూశాను,” అంది టీచర్. “కణం లేదు, కాంతి లేదు. స్నానాల గది ఎటు? ఏ కుళాయిలో వేడినీళ్లు వస్తాయి? ఒక్కర్తివే ఉన్నప్పుడు పొయ్యి ముట్టుకోవచ్చా? ఇదేం సబ్జెక్టే తల్లీ?”

“నాకు కాదు మేడం. బుజ్జికి.”

“బడి ట్యాబు ఇచ్చింది ఇంట్లోవాళ్లని ఆడించడానికా?”

“ఆడించట్లేదు మేడం. నేర్పుతున్నా.”

టీచర్‌కి నవ్వొచ్చింది, ఆపుకుంది. ఆవిడ చెడ్డమనిషేం కాదు. ట్యాబు కోసం రోజూ గుమ్మం దగ్గర చేరి బతిమాలే పిల్లలతో ఆవిడ ప్రాణం విసిగిపోయి ఉంది, అంతే.

“సరే, నేర్పుతున్నావు. ఏం ఒరిగింది? ఇటు చూడు,” అని స్క్రీన్ ఆ పిల్ల వైపు తిప్పింది. “ఎవరికైనా సరైన జవాబుల గీత పైకి పోతుంది. మీ బుజ్జిది కిందికి జారుతోంది. మొదట్లో అన్నీ టకటకా చెప్పింది. ఇప్పుడు రోజూ తప్పులే. ఎందుకంటావు? అడిగిందే అడిగితే చిన్నపిల్లలు మొండికేస్తారు. నీ చాదస్తం భరించలేక కావాలనే తప్పు చెబుతోంది.”

“మొండి కాదు మేడం.” పంతులమ్మ ట్యాబుని ఇంకా గట్టిగా పట్టుకుంది.

“మరి మీ అమ్మ చూసుకోదా?”

“అమ్మ చూసుకోలేదు మేడం. ఇదివరకు ఇంట్లో ట్యూషన్లు చెప్పేది. వీధి వీధంతా మా ఇంట్లోనే ఉండేది. నాకు జడ వేస్తూ వేస్తూ ఎక్కాలన్నీ నేర్పేసింది.”

“ఊరందరికీ చెప్పినావిడ ఇంట్లో కుళాయి సంగతి చెప్పలేదా? భలే ఉందే. రేపు ఆవిణ్ణి ఒకసారి తీసుకురా, నేను మాట్లాడతాను.”

“రాదు మేడం. మీరే రండి. వచ్చి బుజ్జిని చూశాక ఇచ్చెయ్యమంటే ఇచ్చేస్తా.” పిల్ల కళ్లు తుడుచుకుంది. “ఒక్క కార్డు ఇంతవరకూ తప్పలేదు మేడం. ఆ ఒక్కటి పోకుండా కాపాడుకుంటున్నా. ట్యాబు తీసుకుంటే అదీ పోతుంది.”

అంత చిన్నదానికి ఇంత ఏడుపేమిటో టీచర్‌కి అర్థం కాలేదు. కానీ ఆ ఏడుపు చూసి కాదనలేకపోయింది. సాయంత్రం బెల్లు కొట్టాక ఆ పిల్ల వెంట నడిచింది.

సైకిళ్లు బాగుచేసే షాపు పక్కనుంచి ఇరుకు మెట్లు. పైన తలుపుకి బయట గడియ, దానికి తాళం. పక్కవాటా పిన్ని తాళంచెవి తెచ్చి ఇచ్చింది.

“పొద్దుట్నుంచీ ఏం ముట్టలేదే. నేను పెడితే ఊసేసింది,” అని నిట్టూర్చి వెళ్లిపోయింది.

“లోపల పెట్టి తాళం వేస్తారా?” టీచర్ మనసు చివుక్కుమంది.

“వీధిలోకి వెళ్లిపోతుంది మేడం. మొన్న మలుపు దాకా వెళ్లి, దారి తెలీక ఏడుస్తూ నిలబడింది. నాన్నేమో లారీ మీద ఉంటారు, ఎప్పుడొస్తారో తెలీదు.”

లోపల ప్రతి తలుపుమీదా పెద్ద పెద్ద అక్షరాలతో కాగితాలు అంటించి ఉన్నాయి. వంటగదిలో పొయ్యికి మీటలు పీకేశారు. పంతులమ్మ సంచి దించి, కుర్చీ దులిపింది.

“మీరిక్కడే కూర్చోండి మేడం. కొత్తవాళ్లని చూస్తే బెదిరిపోతుంది,” అని కంచం, ట్యాబు పట్టుకుని పక్కగది కర్టెన్ వెనక్కి వెళ్లింది.

టీచర్‌కి ఆ పిల్ల గొంతు ఒక్కటే వినపడుతోంది.

“లే బుజ్జీ. నోరు తెరు. అదీ, బంగారం. ఇంకొక్క ముద్ద. ఇప్పుడు చెప్పు, ఎర్ర కుళాయి తిప్పితే ఏమవుతుంది? చెయ్యి కాలుతుంది. పర్లేదులే, రేపు చెబుదువుగాని. స్నానాల గది ఎటు? ఇటు కాదు, అటు. పర్లేదు.”

ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. అడిగిందే అడిగింది, చెప్పిందే చెప్పింది.  ఎవరొచ్చి అడిగినా సరే, ఈ ట్యాబు ఈ పిల్ల దగ్గరే ఉండనీ అనుకుంది టీచర్.

“ఇదే ఆఖరుది బుజ్జీ. ఇది నీకు బాగా వచ్చు. ఈ ఫొటోలో ఉన్నది ఎవరు?”

 మంచం కిర్రుమంది.

“నిదానంగా చూడు. పోయినవారం చెప్పావుగా. తొందరేం లేదు.”

కర్టెన్ వెనకనుంచి భయంభయంగా ఒక మాట వచ్చింది. “తెలీదండీ.”

ట్యాబు నేలమీద పడిన చప్పుడయింది. టీచర్ కుర్చీలోంచి లేచింది.

“నీ కూతుర్నమ్మా,” అంది పంతులమ్మ.