రెండో చూపు

“పాత కొలనోస్కోపీ నీరజ్ గారు చేశారా?” తెలియనట్టే అడిగింది డాక్టర్ నమ్రత. అతని పేరు ఎదురుగా కంప్యూటర్ తెర మీదే ఉంది.

“అవునండీ, రెండేళ్ళయింది. మొలలు తప్ప ఇంకేమీ లేవన్నారు,” అంది అవని. ఆమె అత్తగారు బాలమణి పక్క కుర్చీలో, ఇదంతా ఎవరి సంగతో అన్నట్టు కూర్చుంది.

“మరి ఇప్పుడూ ఆయన దగ్గరికే వెళ్ళకపోయారా?”

అవని కాస్త తడబడింది. “లేదండీ... మీకే చూపించాలనుకున్నాం.”

నమ్రతకు ప్రాణం లేచివచ్చినట్టయింది. తనూ నీరజూ కలిసి శిక్షణ పొందినవాళ్ళు. ఇప్పుడతను ఈ హాస్పిటల్‌లో జీర్ణకోశ విభాగానికి చీఫ్. లాబీలో అతని నిలువెత్తు ఫొటో. ఈ ప్లెయిన్స్‌బరో ఊళ్ళో ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా నీరజ్ గారి హస్తవాసి గురించే కబుర్లు. నమ్రతదీ అదే వైద్యమని తెలిసినవాళ్ళు కూడా, “ఆయన అపాయింట్‌మెంట్ కొంచెం తొందరగా ఇప్పించగలవా అమ్మా?” అని ఆమెనే అడుగుతారు. ఆమె నవ్వి, ఇప్పిస్తుంది. ఇంటికి వచ్చాక అన్నం సహించదు.

అలాంటిది, అతన్ని కాదని ఒకరు తన దగ్గరికి వచ్చారు.

“రక్తం ఎలా పడుతోందమ్మా? చుక్కలుగా విడిగానా, కలిసి వస్తోందా?”

బాలమణి తల దించుకుంది. “ఇంతకుముందు ఎర్రగ సుక్కలు పడేది. ఇప్పుడు కలిసే వస్తుంది బిడ్డా, జర నల్లగ. మెట్లెక్కితే ఆయాసమొస్తుంది. మొలలే గదా, దానికి మళ్ళ గొట్టమేసుడెందుకు?”

హిమోగ్లోబిన్ బాగా తగ్గింది. అయినా తేల్చడం సులువు కాదు. ఆవిడ గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పల్చబడే మందు వాడుతోంది. ఆ మందు వల్ల మొలల నుంచే ఎక్కువ రక్తం పోతుండొచ్చు. మళ్ళీ పరీక్ష చేయాలంటే కొన్నాళ్ళు ఆ మందు ఆపాలి. ఆపితే గుండెకు ముప్పు. రెండేళ్ళ కిందట శుభ్రంగా ఉందన్న పేగు కోసం అంత సాహసం అవసరమా?

మధ్యాహ్నం కాఫీ తాగుతూ ఆ సందేహం చెప్పి, అయినా మళ్ళీ చూడాలనే ఉందని తన తోటి డాక్టర్ వేదతో అంది.

వేద కప్పు కింద పెట్టింది. “ఒకటడుగుతాను, ఏమీ అనుకోకు. ఈ పరీక్ష ఆవిడ కోసమా, నీరజ్ కోసమా?”

“అదేం మాట వేదా?”

“లాబీలో ఆ ఫొటో పెట్టినప్పటి నుంచి నువ్వు వెనక గుమ్మంలోంచి వస్తున్నావు. నాకు కనిపించదనుకున్నావా?”

నమ్రతకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. తన గదికి వచ్చి తలుపు వేసుకుంది. నీరజ్ తప్పు చేసి ఉండాలని తను కోరుకుంటున్న మాట నిజమే. ఆ కోరిక కోసం ఒక ముసలావిడ గుండెను పణంగా పెడుతోందా? పాత రిపోర్ట్ మళ్ళీ తెరిచింది. ఈసారి కింద నీరజ్ పేరున్న చోట తన పేరు ఊహించుకుని చదివింది. మొలలైతే రక్తం అలా నల్లగా, కలిసి రాదు. తన రిపోర్టే అయినా మళ్ళీ చూసేది.

గుండె డాక్టరుతో మాట్లాడి, మందు ఆపే ఏర్పాటు చేసి, పరీక్ష పెట్టింది.

ఆ రోజు మత్తులో ఉన్న బాలమణి పక్కన నిలబడి స్కోప్ నెమ్మదిగా నడిపింది. ఎడమవైపు శుభ్రం. పైన అడ్డంగా సాగే భాగమూ శుభ్రం. నీరజ్ చెప్పింది చెప్పినట్టే ఉంది. ఆమెకు నీరసం వచ్చింది. కుడివైపు చివరికంటా వెళ్ళి వెనక్కి వస్తూ, ఒక మడతను పక్కకు ఒత్తి చూసింది. దాని వెనక, చదునుగా, గోడకు అంటుకుపోయి, రక్తం ఊరుతూ ఉందొక గడ్డ.

“దొరికింది!” అంది పైకే. ఆ గొంతులో సంతోషం ఆమెకే వినిపించింది. ఎదుట ఉన్నది కేన్సర్ కావచ్చు. తను సంతోషిస్తోంది. గబగబా బయాప్సీకి ముక్క తీయడం మొదలుపెట్టింది.

బయాప్సీలో కేన్సరేనని తేలింది. స్కానింగ్‌లో మాత్రం ఇంకెక్కడికీ పాకలేదని వచ్చింది. ఆపరేషన్‌తో పూర్తిగా తీసేయవచ్చని చెప్పగానే అవని ఏడ్చేసింది. బాలమణి మాత్రం నమ్రత చెయ్యి పట్టుకుని, “నీ సెయ్యి సల్లగుండ, బిడ్డా. నీ హస్తవాసి మంచిది,” అంది.

ఎన్నేళ్ళుగానో వినాలనుకున్న మాట. వినగానే చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

అయినా ఆమె నేరుగా నీరజ్ గదికే నడిచింది. ఈ ఒక్కటీ వదులుకోలేకపోయింది.

“బాలమణి గారని నీ పాత పేషెంట్. కుడివైపు మడత వెనక కేన్సర్. నేను మళ్ళీ చూశాను కాబట్టి దొరికింది.”

నీరజ్ ముఖం పాలిపోయింది. “పాకిందా?”

“లేదు. ఆపరేషన్‌తో పోతుంది.”

అతను కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు. పేగు శుభ్రంగా లేదనో, అప్పటికి అది పుట్టలేదనో ఏదో సాకు చెబుతాడని ఆమె ఎదురుచూసింది. అతను సాకు వెతక్కుండా తన పాత రిపోర్ట్ తెరిచాడు. అది ఆమెను ఇంకా రెచ్చగొట్టింది. దాచుకున్న మాట అనేసింది.

“వాళ్ళు మళ్ళీ నీ గడప తొక్కలేదు నీరజ్. నన్ను వెతుక్కుంటూ వచ్చారు.”

“నా పేరు చెప్పొద్దని, రెండో చూపు కోసం నీ దగ్గరికి పంపింది నేనే,” అన్నాడతను.