మేడంగారికి మర్యాద

గంగరాజుగారి వరండాలో తబిత అరగంటగా కూర్చుని ఉంది. ఒళ్ళో సంచి, సంచిలో నీటికోళ్ళ ఫొటోలు. లోపల్నుంచి కూర ఉడుకుతున్న వాసన కమ్మగా వస్తోంది. ఎదురుగా ఉన్న చెరువులో సోమవారం పొక్లెయిన్ దిగుతుంది. జమ్ముగడ్డి అంతా పీకేస్తే నీటికోళ్ళ గూడు పోతుంది.

తబిత చేసే పని ఏంటో చాలామందికి ఎంత చెప్పినా బుర్రకెక్కదు. బళ్ళ చుట్టూ తిరిగి, పిట్టల్నీ పాముల్నీ ఎందుకు బతకనివ్వాలో పిల్లలకి చెబుతుంది. జీతమిచ్చే ఆఫీసంటూ లేదు, పిలిచిన బడికి పోవడమే. ఆ పిలిచేదైనా ఏ లెక్కల మాస్టారో సెలవు పెట్టినప్పుడు. "ఇంతకీ మీరేం అమ్ముతారండి?" అని ఒక హెడ్మాస్టరు మొహం మీదే అడిగాడు. రాజమండ్రిలో వాళ్ళ పాస్టరుగారు ప్రతి ఆదివారం ఆమెకో మంచి ఉద్యోగం దయచేయమని పైకే ప్రార్థన చేస్తారు. చర్చి అంతా ఆమేన్ అంటుంది. తబిత కూడా అంటుంది, ఏం చేస్తుంది మరి.

నిడదవోలు దగ్గర ఈ చిన్న ఊళ్ళో మాత్రం పిల్లలు విన్నారు. పోయిన వారం వాళ్ళని చెరువు గట్టు మీదికి తీసుకొచ్చి, ఒకరి తరవాత ఒకరికి బైనాక్యులర్స్ ఇచ్చింది. జమ్ములో నీలం ఒళ్ళు, ఎర్ర ముక్కు. పిట్ట లేచి నిలబడితే గూట్లో నాలుగు గుడ్లు. ఒకప్పుడు ఇవి గుంపులు గుంపులుగా తిరిగేవి. చెరువులన్నీ రొయ్యలకి పోయాక ఈ చుట్టుపక్కల మిగిలింది ఈ ఒక్క జంటే. రోజూ ఈ గట్టునే బడికి నడిచే పిల్లలు ఇన్నాళ్ళూ వాటిని చూడనే లేదు. దుర్గాశ్రీ అనే పిల్లయితే ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. ఆ సాయంత్రం బస్సులో తబిత కిటికీ వైపు తిరిగి ఏడ్చింది, సంతోషంతోనే.

మర్నాడే పొక్లెయిన్ సంగతి తెలిసింది. ఊరి చెరువు వేలంలో పాడుకున్నది గంగరాజుగారు. ఫోన్ చేస్తే ఆయన సగం విన్నారు, సగం వినలేదు. ఆ నీటికోళ్ళ గురించే మాట్లాడాలి, వస్తానండి అంటే, దానికేముందండి, శనివారం రండి, భోజనం మా ఇంట్లోనే అని పెట్టేశారు.

ఇప్పుడు ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ నవ్వుకుంటూ వచ్చి కూర్చున్నారు. తబిత ఆగకుండా చెప్పేసింది. గుడ్లు పిల్లలు కావడానికి ఇంకో మూడు వారాలు పడుతుంది, ఒక్క నెల ఆగండి అంది. ఫొటోలు టీపాయ్ మీద పరిచింది. ఈ జంట పోతే మన పిల్లలకి ఈ కాగితాలే మిగులుతాయండి అంది.

గంగరాజుగారు ఒక ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. మొహంలో నవ్వు పోయింది. ఇక అయిపోయిందనుకుంది తబిత.

"నెలేంటండి, రెండు నెలలు ఆపుతాను" అన్నారు ఆయన, ఆమె వైపు చూడకుండా.

తబిత నమ్మలేకపోయింది. లేచి దణ్ణం పెట్టబోతే ఆయన వద్దండి, వద్దండి అంటూ వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, లోపలున్న భార్యతో గొంతు తగ్గించి మాట్లాడారు. తగ్గించినా తబిత చెవిన పడింది.

"ఆవిడకి పప్పూ చారూ చాలు. ఆ కూర బయటికి తియ్యకు."

తరవాత ఏదో పనుందని చెప్పి, బండెక్కి వెళ్ళిపోయారు.

తబితకి ఇలాంటివి కొత్త కాదు. ఇంటిపేరు అడిగి, ఏ చర్చి అని అడిగి, అందించబోయిన స్టీలు గ్లాసు వెనక్కి తీసుకుని పేపరు కప్పులో టీ ఇచ్చిన ఇళ్ళు ఆమెకి తెలుసు. చెరువు ఇస్తారు గానీ కూర ఇవ్వరు. పోనీలే, గుడ్లు బతికాయి, అంతకన్నా ఏం కావాలి అని సర్దిచెప్పుకుంది. అయినా కడుపు మండింది.

గంగరాజుగారి భార్య మహాలక్ష్మమ్మగారు అలాంటి మనిషి కాదు. ఈయనకి మతి పోయినట్టుందండి, ఇంటికొచ్చిన మనిషికి ఉత్తి పప్పు పెట్టి పంపుతామా అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. డైనింగ్ టేబుల్ మీద అరిటాకు వేసి, కూర గిన్నెకి గిన్నే తెచ్చి పక్కన పెట్టారు.

తబిత తింది. పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు. పైగా ఆయన పెట్టొద్దన్నాడన్న కసితో తింది. ముక్క కాస్త పీచుగా ఉంది, నాటుకోడి కదా మరి అనుకుంది. మారు వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టలేదు. ఎముకలు కూడా వదల్లేదు. ఇన్నేళ్ళ తిరుగుడులో ఆమెకి ఇంత ఆదరంగా ఎవరూ పెట్టలేదు.

చెయ్యి కడుక్కుంటుంటే కళ్ళు తడయ్యాయి. మీ చేతివంట జన్మలో మర్చిపోనండి అంది.

మహాలక్ష్మమ్మగారు మురిసిపోతూ తువ్వాలు అందించారు.

"మీరు ఆ నీటికోళ్ళ కోసమే అంత దూరం నుంచి వస్తున్నారని, బడిపిల్లల్ని చోటు అడిగి మరీ నిన్న రెండింటినీ పట్టించారండి మావారు, గూట్లో ఉన్న నాలుగు గుడ్లూ డబ్బాలో పెట్టాను, దారిలో పగలకుండా పట్టుకెళ్ళండి."