హాజరు సంతకం

భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, డాక్టర్ నెరెయిదా ఒక పసివాడి గొంతులోకి టార్చి వేసి చూస్తోంది.

ఫోన్లో పియానో మోగుతోంది. గంటా పది నిమిషాలుగా అదే ముక్క.

“మీ కాల్ మాకెంతో విలువైనది. దయచేసి వేచి ఉండండి” అంటోంది మధ్యమధ్యలో ఓ ఆడగొంతు.

ఖరీదైన మందు రాస్తే బీమా కంపెనీ ఊ అనాలి. ఊ అనిపించాలంటే ఇలా చెవి అప్పగించి కూర్చోవాలి. విసుగొచ్చి పెట్టేశారో, మళ్లీ మొదటికే.

బ్రాంక్స్ పేటలోని ఆ వీధికి ఉన్నది ఆ రెండు గదుల దవాఖానా ఒక్కటే. ఒక డాక్టరు, ముందు బల్ల దగ్గర యుదెల్కా, అంతే. బయట బెంచీల మీద ఇరవైమంది దగ్గుతున్నారు. మూసేసి పోదామంటే వాళ్లకి వేరే దిక్కు లేదు. ఉందామంటే ఈ ఫోను ప్రాణం తోడేస్తోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“ఇలా ఇవ్వండి డాక్టరమ్మా, నేను పట్టుకుంటాను.”

తలుపు దగ్గర ఎవరో ముసలాయన. నెత్తిన వెలిసిన టోపీ.

“మీరా? ఎంతసేపని పట్టుకుంటారు?”

“నలభై ఏళ్లు బస్సు నడిపాను. ఎర్ర లైటు ముందు ఊరికే కూర్చోవడంలో ఫెలిబెర్తోని మించినవాడు లేడు.”

నెరెయిదా ఫోను చేతికిచ్చేసింది. మెడ పట్టేసి ఉంది మరి.

నలభై నిమిషాలకి ఆయన గోడలు అదిరేలా అరిచాడు.

“మనిషి! డాక్టరమ్మా, మనిషి పలికాడు!”

బెంచీలన్నీ చప్పట్లు కొట్టాయి.

సాయంత్రం తలుపులు వేస్తూ నెరెయిదా అడిగింది.

“ఇంతకీ మీరెందుకొచ్చారు తాతా?”

“నాదేముందమ్మా. మీ కళ్లు మూతలు పడుతున్నాయి. రేపు చూద్దాం, దేవుడు తలిస్తే.”

ఆ రేపు వచ్చింది. అడగడం మాత్రం ఆమె మరిచిపోయింది. తప్పని ఎవరంటారు? రోజుకి అరవైమందిని చూసే మనిషి.

మర్నాటి నుంచి తలుపు తీసేసరికే ఫెలిబెర్తో గుమ్మంలో ఉండేవాడు. బల్ల మీద కాగితం ఉంటుంది. వచ్చినవాళ్లు పేరూ, బాధేమిటో రాయాలి. యుదెల్కా వరసగా పేర్లు పిలుస్తుంది. రోజూ మొదట రాసేది తాతే.

“చూశారా డాక్టరమ్మా, తాత హాజరు వేసుకుంటున్నాడు! నెలాఖరుకి జీతం అడుగుతాడో ఏమో!”

యుదెల్కా నవ్వుతూ ఆ పేరు మీద అడ్డంగా గీత కొట్టేది. రెండో పేరు నుంచి పిలిచేది.

“జీతం వద్దులే. కాఫీలో ఇంకో చెంచా చక్కెర వెయ్యి.”

“అంత చక్కెర తాగితే డాక్టరు దగ్గరికి పోవాల్సొస్తుంది.”

“వచ్చే కూర్చున్నాను కదే!”

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు.

మూడోవారంలో, ఆ దవాఖానాకే వచ్చే మిలాగ్రోస్ అనే ఆమె కూతురు లిస్బెత్‌కి ఉబ్బసం ముదిరింది. ఈ చలికాలంలోనే రెండుసార్లు పెద్దాసుపత్రిలో పడుకొచ్చిన పిల్ల. శుక్రవారం లోగా సూదిమందుకి అనుమతి రాకపోతే మూడోసారీ తప్పదు.

శుక్రవారం పొద్దున్నే ఫోను అందుకున్న తాత తిండికి కూడా లేవలేదు. మధ్యాహ్నానికి ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు.

“ఏంటి తాతా, గుండె పట్టుకున్నావ్? ఆ ఫోను పిల్ల మీద మనసైందా?” అంది యుదెల్కా.

“గొంతు బాగుంది మరి” అన్నాడు, గసపెడుతూ.

నాలుగింటికి మనిషి పలికాడు. తాత ఈసారి అరవలేదు. చెయ్యి మాత్రం ఎత్తాడు.

అనుమతి వచ్చింది. మిలాగ్రోస్ ఏడుస్తూ డాక్టరమ్మని వాటేసుకుంది.

తాత లేచి, కాసేపు గోడ పట్టుకుని నిలబడ్డాడు.

“డాక్టరమ్మా, సోమవారం మీకు కాస్త ఖాళీ ఉంటుందా?”

“ఖాళీయా? నాకా?” నెరెయిదా నవ్వేసి తర్వాతి రోగిని లోపలికి పిలిచింది.

సోమవారం తాత రాలేదు.

ఫోను మళ్లీ ఆమె భుజానికెక్కింది. అదే పియానో. మెడ నొప్పితో పాటు ఆయన మీద చిరుకోపం కూడా వచ్చింది.

పదింటికి మిలాగ్రోస్ వచ్చింది. తాతా ఆమే ఒకే బిల్డింగు.

“లిఫ్టు పాడైంది డాక్టరమ్మా. నిన్న ఐదో అంతస్తుకి మెట్లెక్కుతూ మూడో దాంట్లో కూలబడ్డాడు. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది.”

నెరెయిదా ముందు బల్ల దగ్గరికి వచ్చింది.

“ఎన్నాళ్లుగానో ఆయాసపడుతున్నాడు. డాక్టరుకి చూపించుకో తాతా అంటే, రోజూ అక్కడేగా ఉంటున్నాను అనేవాడు.”

యుదెల్కా సొరుగు లాగింది. పాత కాగితాలు ఒక్కొక్కటే తీసింది. వరసగా బల్ల మీద పరిచింది.

పదిహేను కాగితాలు. ప్రతిదాంట్లో మొదటి పేరు ఫెలిబెర్తోదే. ప్రతి పేరు మీదా ఆమె కొట్టిన గీత.

“మీ కాల్ మాకెంతో విలువైనది” అంది ఫోను.

ఆ పేర్ల పక్కన, బాధేమిటో రాయాల్సిన చోట, ఇన్నాళ్లూ ఎవరూ చదవని ఒకే మాట పదిహేనుసార్లు రాసి ఉంది: “ఛాతీలో బరువుగా ఉంటోంది. తొందరేం లేదు, ముందు పిల్లల్ని చూడండి.”