కుడివైపు తలుపులు

మా ఆయన ఇంట్లో నా మాట వినరు గానీ, మెట్రోలో ఆ కనపడని అమ్మాయి ఏం చెబితే అది చేస్తారు. పసుపు గీత దాటొద్దంటే దాటరు. తలుపులకు ఆనుకోవద్దంటే గుంజలా నిలబడతారు.

ఆ రాత్రి చివరి బండి మా స్టేషను రాకుండానే సొరంగంలో ఆగింది.

"తలుపులు కుడివైపు తెరుచుకుంటాయి," అంది ఆ గొంతు.

మా దారిలో ప్లాట్‌ఫారాలన్నీ ఎడమవైపే. కుడివైపు ఉండేది సొరంగమే. అయినా పెట్టెలో వాళ్లంతా లేచి అటే బుద్ధిగా వరస కట్టారు. మా ఆయనా సంచీ అందుకున్నారు.

"ఎక్కడికండీ? అటు స్టేషనే లేదు!"

"దిగమంటోంది కదే! నీకన్నీ అనుమానాలే."

తలుపులు తెరుచుకున్నాయి. బయట ఒట్టి చీకటి. ముందున్న ముసలాయన అందులోకి అడుగు వేశాడు. పడిన చప్పుడు రాలేదు. ఆయన వెనకావిడా వెళ్లింది. అప్పుడూ రాలేదు.

మా ఆయన వంతు వచ్చింది. నేను వెనకనుంచి రెండు చేతులతో చొక్కా పట్టుకుని లాగాను.

పైనుంచి ఆ గొంతు, ఎప్పటిలాగే మర్యాదగా, మళ్లీ పలికింది.

"దయచేసి ఆయన చొక్కా వదలండి."