మోదుగపూల చొక్కా

ఉడుతలకీ తొండలకీ ఆట పడిందంటే ఆ అడవిలో ఒక్క పిట్ట కూడా గూట్లో ఉండదు. పుల్లల్తో రేగ్గింజని కొట్టుకుంటా పోయి అవతలోళ్ళ కన్నంలో వెయ్యాలి, అదీ ఆట. ఉడుతలు ఎప్పుడూ ఎర్రటి మోదుగపూల చొక్కాలే తొడుక్కునేవి. ఈసారి గిజిగాడు పచ్చాకుల్తో కొత్తవి కుట్టాడు.

"అబ్బ, ఏం కుట్టావురా! పెళ్ళికొడుకుల్లా ఉన్నారు," అంది గోరింక.

"పెళ్ళికొడుకులా? తోటకూర కట్టల్లా ఉన్నారు," అంది కాకి.

ఇద్దరూ ముక్కులతో పొడుచుకునేదాకా వచ్చారు. కింద తాబేలవ్వకి మాత్రం కాలు నిలవట్లేదు. మెడ చాపుద్ది, లోపలికి లాక్కుంటది, మళ్ళీ చాపుద్ది. ఆట కోసం తెల్లారకముందే బయల్దేరి నడిచొచ్చింది పాపం. చూపు సరిగ్గా ఆనదు. ఇన్నాళ్ళూ ఎర్రగా కదిలిందే ఆవిడకి ఆట. ఇప్పుడు గడ్డి తప్ప ఏం కనపడట్లేదు.

"ఓ కాకీ, మనోళ్ళు ఇంకా రాలేదా?"

"ఆట సగం అయిపోయింది కదే అవ్వా!"

అవ్వ మెడ లోపలికి లాక్కుంది. మెల్లిగా ఇంటిదారి పట్టింది.

కన్నానికి కాపలా ఉన్న బుల్లి ఉడుత పోలిగాడు ఆ మాటలు విన్నాడు, అవ్వ వెళ్ళిపోవడం చూశాడు. గబగబా పరిగెత్తి, రాలిన మోదుగపువ్వొకటి తెచ్చి తోకకి కట్టుకున్నాడు. ఆ సందులో తొండలు కన్నంలో గింజ వేసేశాయి.

"అదుగో, మనోడు!" అని అవ్వ వెనక్కి తిరిగి అరిచింది.

కొమ్మ మీద కాకీ గోరింకా అప్పటికి ఒక్కమాట మీదకొచ్చారు.

"ఆ తోక మీద పువ్వు మాత్రం అస్సలు నప్పలేదు."