చెవులున్న తలుపు

తుపానుకు ఇల్లు కొట్టుకుపోయిన నూకరత్నం, చంటిదాన్ని చంకనేసుకుని, అద్దెగది కోసం సూరీడమ్మ గుమ్మంలో నిలబడింది. భీమిలిలో ఇప్పుడు ప్రతి తలుపుకూ చెవులున్నాయి. తుపాను తర్వాత అద్దె పెంచిన మాట వినబడితే చాలు, బిగుసుకుపోతుంది.

అందుకే సూరీడమ్మ బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించింది. "ఊరంతా మునిగిపోనాది గదమ్మా. రెండింతలిస్తేనే గది."

వెనక తలుపు టక్కున బిగుసుకుంది. సూరీడమ్మ ఎంత బాదినా తెరుచుకోలేదు. వాన మళ్లీ అందుకుంది.

నూకరత్నం తన కొంగు సగం ఆవిడ నెత్తిన కప్పి, తలుపు దగ్గరికి వంగింది. "పాత అద్దెకే దిగుతాం బాబూ."

"ఎంతమంది ఉంటారు?" అడిగింది తలుపు.

"ఈ ఇంటి పిన్నిగారితో కలిపి ముగ్గురం. ఆవిడ తడిసిపోతన్నారు, బేగి తియ్."